పగిడి కింద తలనొప్పి

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందుల కిరీటం ఉన్నది. ఆ కిరీటం ఎప్పుడు జారుతదా అని పక్కనే కాచుకొని కూసున్న దాయాది ఉన్నడు. ఎదురెదురుగ మోహరించిన రెండు సైన్యాలున్నయ్. నెత్తురు చిందింది. ఆఖరికి ఎవ్వలూ ఊహించని దిక్కు నుంచి ఒక దండొచ్చి అన్నిటినీ మట్టిల కలిపింది. చదివెటోళ్లు కాళ్లు కడుక్కొని కూసోవాలె.

ఇగ నిజం చెప్త. ఇది మా పెద్దనాయిన తలనొప్పి కథ. కిరీటం అంటే పగిడి. సైన్యాలంటే ఒక దిక్కు గోలీలు, ఒక దిక్కు సూదులు. చిందిన నెత్తురు ఒక్క బొట్టు, అది గూడ ఎడమకాలి బొటనవేలు సందుల నుంచి. పెద్దమ్మ కొంగుతోని తుడిచింది. కాళ్లు కడుక్కున్నోళ్లు మళ్ల చెప్పులేసుకొని తమ పని చూసుకోవచ్చు.

మా జిల్లా చాందా నుంచి విడిపోయి గడ్చిరోలి అయిన కొత్తల సంగతి. సిరోంచల బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, బస్టాండుల హిందీ, కొట్లాటల మూడూ. మా వాడల గట్టు జరిపినా, మేక మేసినా, మొగడు మొహం తిప్పుకున్నా పంచాది మా ఇంటి అరుగు మీదికే వచ్చేది. దానికి కారణం మా తాత. ఆయన చాందా పోయి ఒక పగిడి కుట్టిచ్చుకొని వచ్చిండు. తక్కినోళ్లు రుమాలును రోజుకొక తీరుగ చుట్టుకుంటరు. ఇది అట్ల కాదు. లోపల ఇనుప తీగెను గుండ్రంగ చుట్టపెట్టి, దాని మీద గంజిబట్ట మడతలు కుట్టేసిన పగిడి. బోర్లిస్తే కుండ తీరు. తడితే చప్పుడొస్తది.

తాత ఒక కానూన్ గూడ పెట్టిండు. పగిడి నెత్తి మీద ఉండంగ చెప్పింది తీర్పు. తీసి పక్కన పెట్టినంక చెప్పింది ఉత్త ముచ్చట. నలుగురు చూస్తుండంగ పగిడి తీసిండంటే పెద్దరికం తీసినట్టే, దాన్ని పాలోళ్లల్ల, అంటే దాయాదులల్ల, ఎవడైనా ఎత్తుకొని పెట్టుకోవచ్చు. ఇంత గట్టి కానూన్ ఆయన ఎందుకు పెట్టిండో తెల్వదు గని, పెట్టిననాడు మాత్రం ఆయనకు తలనొప్పి లేదు.

తాత పోయినంక పదొద్దుల నాడు ఆ పగిడిని మా పెద్దనాయిన నెత్తి మీద పెట్టిన్రు. పెట్టిన్రు అనుడు మర్యాద. ఇద్దరు మనుషులు చెరొక దిక్కు పట్టి కిందికి నొక్కిన్రు. అందరి కండ్లల్ల నీళ్లు. నా కండ్లల్ల గూడ వచ్చినయ్, నవ్వు ఆపుకుంటే వస్తయ్ గద.

"మంచిగ కూసున్నది" అన్నరు అందరు.

కూసున్నది. అదే బాధ, లేవలేదు.

తలనొప్పి ఆ ఏడాదే మొదలైంది. పెద్దనాయిన దాని వర్ణన రోజూ చేసేది, కథ చెప్పినట్టు. "నొసటి చుట్టూ తాడేసి, ఇద్దరు మొగోళ్లు రెండు దిక్కుల నుంచి గుంజినట్టున్నది."

"తాడు కాదు, తీగె" అన్నది పెద్దమ్మ, బియ్యం చెరుగుకుంట.

"మా అయ్య పగిడికి తప్పు పెడ్తవా?"

"మీ అయ్యను నేనేమన్న? ఆయన తలకాయ ఇంత. నీది ఇంత. చేటెడు జొన్నలు చిన్న డబ్బల పోస్తే పడ్తయా? చాందా పంపి జర సడలు చేపియ్యరాదు?"

"విప్పుతరా? విప్పినంక అది పగిడెట్లయితది? ఒట్టి బట్ట అయితది."

"ఇప్పుడేమన్న బంగారమా?"

ఆయన లేచి అరుగు మీదికి పోయిండు. ఈ ముచ్చట మళ్ల ఇంట్ల తియ్యొద్దని ఆర్డర్ అయింది. మా తాత పెద్దకొడుకును బతుకంత ఒక్కసారి మెచ్చుకోలేదు. పగిడి గూడ మెచ్చుకోలేదు గని, కనీసం నోరెత్తి తిట్టలేదు. పెద్దనాయినకు అదే పదివేలు.

ఇగ అరుగు కింద మా కాక ఉండె. పెద్దనాయినకు వరుసకు తమ్ముడు, పాలోడు. తల చిన్నది, ఆశ పెద్దది. పగిడి ఆయనకు అచ్చంగ సరిపోతదని వాడంతా అనుకుంటుండె. రోజుకొకసారి వచ్చి "అన్నా, తలకాయ ఎట్లున్నది?" అని అడిగేది. అడిగింది తలకాయను, చూసింది పగిడిని. ఆయన ఎప్పుడొస్తడో తెల్వదు గనుక పెద్దనాయిన పంచాది ఉన్నా లేకున్నా పొద్దంతా పగిడి పెట్టుకొనే కూసుండేది. అంటే కాక కన్ను పడ్డకొద్ది పగిడి దిగదు, పగిడి దిగకుంటే నొప్పి దిగదు. నొప్పి దిగకుంటే కాక ఇంకా ఆశగ వస్తడు. ఇంత చక్కని రోగం నేను మళ్ల చూడలేదు.

శొంఠి పట్టు వేసినం. ఆవిరి పట్టినం. తలనొప్పికి గుడ్డ గట్టిగ కడితే తగ్గుతదని ఒకడు చెప్తే, పగిడి మీదనుంచే గుడ్డ కట్టినం. దాని గురించి ఎక్కువ చెప్ప.

అప్పుడు నేను పన్నెండో తరగతి అయిపోయి ఖాళీగ ఉన్న. ఖాళీగ ఉన్నోనికి ఇంట్ల రోగమొస్తే నౌకరి దొరికినట్టే. బజార్ల ప్రైవేటుగ దుకాణం పెట్టుకున్న ఒక డాక్టర్ దగ్గరికి పెద్దనాయినను సైకిల్ మీద తీస్కపోయిన. డాక్టర్ నలుగురి ముంగట పగిడి తియ్యమంటే పెద్దరికం పోతదని ఆయన పగిడి ఇంట్లనే పెట్టి, మెత్తటి రుమాలు వదులుగ చుట్టుకొని వచ్చిండు. పోంగనే డాక్టర్ అడిగిండు, "ఇప్పుడు నొస్తున్నదా?"

"ఇప్పుడు లేదు" అన్నడు పెద్దనాయిన, ఆశ్చర్యంగ.

డాక్టర్ నాడి చూసిండు, కండ్లల్ల లైటేసి చూసిండు, "టెన్షన్ తలనొప్పి" అన్నడు.

"అంటే?"

"మనసు మీద బరువున్నోళ్లకు వస్తది. పెద్ద పెద్ద ఆఫీసర్లకు, మినిస్టర్లకు."

పెద్దనాయిన కుర్సీల సర్దుకొని కూసున్నడు. మినిస్టర్ రోగం! దారి పొడుగుత సైకిల్ ఆపిచ్చి మరీ కలిసినోనికల్లా చెప్పిండు. సర్పంచికి గూడ రాలేదట, ఈయనకొచ్చిందట.

డాక్టర్ ఇచ్చింది చిన్న గోలీ. నొప్పి లేసినప్పుడు మింగెటిది కాదు. లేవకుంట రోజు పండుకునేటప్పుడు మింగెటిది. నాకిది కొత్త. రాని చుట్టాన్ని రాకుంట ఆపుతనంటే, ఆపినట్టు ఎట్ల తెలుస్తది? రాకుంటే నా గొప్ప, వస్తే ఇంకొన్ని రోజులు మింగు. ఇట్లాంటి యాపారం ఇంకోటి చూపియ్యిన్రి.

గోలీతోని నోరెండింది, మత్తు పట్టింది. పొద్దున ఎనిమిదైనా ఆయన కండ్లు సగమే తెరుచుకునేది. అరుగు మీద పంచాది నడుస్తుంటే పగిడితో సహా కునికేది. నాలుక అంగిట్ల అతుక్కొని మాట వచ్చేది కాదు. వచ్చినోళ్లు ఆ మౌనం చూసి భయపడ్డరు. పెద్దమనిషి ఇంత లోతుగ ఆలోచిస్తున్నడంటే తమ మీద ఎంత జరిమానా పడ్తదో అని, బయటికి పోయి వాళ్లకు వాళ్లే రాజీ పడ్డరు. తీర్పులు అంత మంచిగ ఎన్నడూ రాలేదు. తలనొప్పి మాత్రం మధ్యాహ్నం కాంగనే డ్యూటీకి వచ్చేది.

ఇది చూసి కాక తన సైన్యాన్ని దింపిండు. ఒక అంగడి రోజు, అరుగు నిండ మంది ఉండంగ, చామోర్షి బస్సు దిగిన ఒక మనిషిని వెంట తోలుకొని వచ్చిండు. చేతిల తోలుసంచి, సంచిల వెంట్రుకంత సన్నటి సూదులు. ఎక్కడనో శిబిరంల నేర్చుకున్నడట. చీనావోళ్ల వైద్యమట.

"అన్నా, నీ బాధ చూడలేక తెచ్చిన" అన్నడు కాక.

సూదుల సారు పెద్దనాయినను చుట్టూ తిరిగి చూసి, "గోలీలు ఎన్నొద్దులు మింగుతరు? పాణమున్నంత వరకా? మా సూదులు అంగడికొకసారి కుచ్చుకుంటే నొప్పి దగ్గరికే రాదు. నడినెత్తి మీద ఒకటి, కణతలకు రెండు. ఏదీ, అది జర తియ్యిన్రి" అని పగిడి దిక్కు చూపిచ్చిండు.

కాక రెండు చేతులూ అప్పటికే ముందుకొచ్చినయ్, పగిడి పట్టుకోనికి. పాపం, కింద పడకుంట సాయం చేస్తడు గావచ్చు.

పెద్దనాయిన కాకను చూసిండు. సూదుల సారును చూసిండు. "నాకు చేతులు లేవా?" అన్నడు.

"ఉన్నయ్."

"కాళ్లు లేవా?"

"ఉన్నయ్ గని..."

"మరి వాటికి కుచ్చు."

సూదుల సారు గొణుక్కుంటనే ఒప్పుకున్నడు. చేతుల గూడ జాగలున్నయట, బొటనవేలుకూ చూపుడువేలుకూ నడుమ ఒకటి పెద్ద జాగ, తలనొప్పికి ఖాసు. అంత ఖాసుదైతే ముందే ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. రెండు చేతులకు, రెండు కాళ్లకు సూదులు కుచ్చిండు. నెత్తురు బొట్టు రాలింది అప్పుడే. అరగంట కదలొద్దన్నడు.

ఆ అరగంటలనే బామ్ని నుంచి అన్నదమ్ములిద్దరు పంచాదికి వచ్చిన్రు. ఇప్పచెట్టు కొట్లాట. చెట్టు మొదలు అన్న చేన్ల ఉన్నది, కొమ్మలు తమ్ముని చేన్ల మీదికున్నయ్. రాలిన పువ్వు ఎవని చేన్ల రాలితే వాడే ఏరుకోవాలని పాత మాట. కానీ తెల్లారకముందే తన దిక్కు పువ్వును అన్న ఊడ్చుకపోతున్నడని తమ్ముడు. నేను అటు దిక్కు పువ్వే ముట్టలేదని అన్న.

పెద్దనాయినకు గోలీ మత్తు, పైన నొప్పి, కాళ్ల చేతుల సూదులు. కదలొద్దు. ఆయన చెయ్యి మెల్లగ లేపి అన్న దిక్కు చూపిచ్చిండు. బొటనవేలు పక్కన సూది నిలబడి వణుకుతున్నది. ఎండిన నోటి నుంచి ఒక్క మాట వచ్చింది. "నిజం."

అన్న ఆ సూదిని చూసిండు. మెల్లగ నా దిక్కు వంగి, "ఇవి ఎవలికి కుచ్చుతరు బాబు?" అని అడిగిండు.

"ఇప్పటికైతే ఆయనకే" అని చెప్పిన నేను.

అంతే. "ఏరిన" అన్నడు అన్న. "తమ్మీ, ఏరిన. ఈ ఏడే కాదు, పోయినేడు గూడ. నీ పెండ్లాం చూసింది, చెప్పొద్దంటే ఊకున్నది."

"అది గూడ తెలుసా దానికి?" అన్నడు తమ్ముడు. పంచాది అక్కడ నుంచి వేరే ఇంటికి పోయింది.

ఇగ ఊరంతా ఒకటే ముచ్చట. సిరోంచల పెద్దమనిషి సూదులు కుచ్చుకొని కూసుంటడట, అబద్ధమాడితే సూది కదులుతదట, కదిలిన సూది తీసి ఆడినోనికి కుచ్చుతరట. చదువుకున్నోళ్లు గూడ నమ్మిన్రు. సూదుల సారు వద్దనలేదు. ఆయన వైద్యం తలనొప్పికి పనిచేసిందో లేదో గని, ఇప్పపువ్వుకైతే పనిచేసింది.

నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉన్నది. అడిగినోళ్లకు పెద్దనాయిన "తక్కువైంది" అనేది. గోలీల డాక్టర్ అడిగితే గోలీలతోని, సూదుల సారు అడిగితే సూదులతోని. గోలీల డాక్టర్ అన్నడు, "సూదులతోని బొంతలు కుట్టాలె, మనిషిని కాదు." సూదుల సారు అన్నడు, "గోలీ ఏం చేస్తది, మనిషిని పండవెడ్తది, లేవంగనే నొప్పి గూడ లేస్తది." ఇద్దరు చెప్పింది నిజమే అనిపిచ్చింది నాకు. ఒకర్నొకరు తిట్టుకునేటప్పుడు డాక్టర్లు శానా సత్యవంతులు.

"రెండూ ఒక్కసారే నడిస్తే, ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తది పెద్దనాయినా?" అన్న. "ఇప్పపువ్వు రాలినన్నొద్దులు గోలీలే మింగు. తర్వాత వానల దాక సూదులే."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కాదు. అందుకే నాకు ఏది గెలిచినా ఒక్కటే."

ఆయనకు ఆ మాట నచ్చింది, చేసిండు. ఇప్పపువ్వు కాలం గోలీలు మింగిండు. మధ్యాహ్నం నొప్పి. బీడీలకు తునికాకు కోసే కాలం సూదులు కుచ్చుకున్నడు. మధ్యాహ్నం నొప్పి. తేడా అంటే, గోలీ మింగినప్పుడు కునుక్కుంట మూల్గిండు, సూది కుచ్చినప్పుడు మెలకువతోని మూల్గిండు. ఇది నా పరిశోధన. పెద్దమ్మ పొయ్యి దగ్గరి నుంచి మూడో వైద్యం గుర్తు చేయబోయింది గని, ఆర్డర్ ఉన్నది గనుక "తీ..." అని ఆపేసింది.

అంతట్ల వానలు పడ్డయ్. వాగులు పొంగి ఆలపల్లి రోడ్డు బందైంది. బస్సు లేదు, బస్సుతోని సూదుల సారు లేడు. గోలీలు గూడ ఆ బస్సులనే రావాలె, అవీ లేవు. నాట్ల కాలం, పంచాదులకు తీరిక ఎవనికి లేదు. కాక గూడ మడిల వంగి ఉన్నడు. గంజి పగిడి తడిస్తే మెత్తబడ్తదని పెద్దనాయిన దాన్ని ఎర్రబట్టల చుట్టి, తాత కర్రపెట్టెల పెట్టి, లోపలి అర్రల మూలకు నేల మీద పెట్టిండు. ఆయన చేతులతోనే పెట్టిండు, చంటిపిల్లను పండవెట్టినట్టు.

తలనొప్పి పోయింది. వానలున్నన్నొద్దులు దాని జాడ లేదు. పెద్దనాయిన పొలం గట్ల మీద పాటలు పాడుకుంట తిరిగిండు.

"చూసినవా, గోలీ లోపల కూసొని ఇప్పుడు పనిచేస్తున్నది" అన్నడు నాతోని ఒకరోజు. ఇంకోరోజు అదే గొప్ప సూదులకిచ్చిండు. పెద్దమ్మ నా దిక్కు చూసి, మళ్ల పప్పు దిక్కు చూసింది.

వానలు వెనక్కి పోయి రోడ్డు తెరిచిన మొదటి అంగడి రోజు పంచాది పెట్టిన్రు. అరుగు నిండింది. సూదుల సారు బస్సు దిగి వచ్చిండు. గోలీల డాక్టర్ తన రోగిని చూసి పోదామని వచ్చిండు. కాక మొదటి వరుసల. పెద్దనాయిన లోపలికి పోయి పెట్టె మూత తెరిచిండు.

శానాసేపు బయటికి రాలేదు. నేను పోయి చూసిన. చెదలు. చెప్పిన గద, ఊహించని దిక్కు నుంచి దండొచ్చిందని. పెట్టె అడుగు లేదు. ఎర్రబట్ట లేదు. పగిడి పగిడి ఆకారంల మట్టి అయి ఉన్నది. ఆయన ముట్టంగనే కుప్పగూలింది, నడుమ ఇనుప తీగె చుట్ట ఒక్కటి మిగిలింది. ఆయన ఆ మట్టిని దోసిట్ల పట్టుకొని కూసున్నడు. నాకొక జోక్ యాదికొచ్చింది. అనలేదు. అంత మంచిది గూడ కాదు.

బయటికి వచ్చి, ఉత్త తలతోని నిలబడ్డడు. దోసిట్ల మట్టి చూపిచ్చిండు.

"అయ్యో అన్నా" అన్నడు కాక, లేచుకుంటనే. "పగిడి లేని పెద్దరికం ఎక్కడిది? కానూన్ మీ అయ్యనే పెట్టె. నేను కొత్తది కుట్టిచ్చుకుంట, నా కొలతకు."

మేక పంచాదికి వచ్చిన ఒక ముసలవ్వ అడిగింది, "పగిడేందో నాకు తెల్వదు బిడ్డా. సూదులు కుచ్చుకొని కూసునె పెద్దమనిషి ఎవలు? నేను ఆయన కోసం వచ్చిన."

"అవు, సూదులు" అన్నరు ఎనుక కూసున్నోళ్లు. "సూదులుంటేనే ఎదుటోడు నిజం చెప్తడు."

"దానికేముంది, నేను గూడ కుచ్చుకుంట" అని కాక పెద్దనాయిన జాగల కూసొని చెయ్యి చాపిండు. సూదుల సారు సంచి తెరిచిండు. ఒక్క సూది, అది గూడ సగమే దిగింది. "ఓయమ్మా" అని కాక లేచిన లేవుడు, చెప్పులు గూడ అరుగు మీదనే మిగిలినయ్. తర్వాత మనిషిని పంపి తెప్పిచ్చుకున్నడు.

పెద్దనాయిన భుజం మీది రుమాలు తీసి తలకు వదులుగ చుట్టుకున్నడు. మట్టి చేతులు కడుక్కొని వచ్చి తన జాగల కూసున్నడు. రెండు చేతులు ముందుకు చాపిండు. "కుచ్చు" అన్నడు.

ఆనాటి నుంచి ప్రతి అంగడికీ సూదులు కుచ్చుకునే కూసున్నడు, నొప్పి లేకున్నా. పెద్దరికం నెత్తి మీది నుంచి చేతులకు దిగింది. తలనొప్పి మళ్ల రాలేదు. గోలీల డాక్టర్ అది గోలీల పుణ్యమన్నడు, ఆలస్యంగ పనిచేసే మందట. సూదుల సారు, ఇంకా కుచ్చుతున్న గనుకనే రావట్లేదన్నడు. ఇంత పని చేసిన చెదలు ఒక్క మాట అనలేదు. "రెండూ సమానమే రా" అని నాకు తీర్పు చెప్పిండు పెద్దనాయిన, రుమాలు సర్దుకుంట.

పెద్దమ్మ ఆ తీగె చుట్టను మట్టిల నుంచి ఏరి, కడిగి, నీళ్ల కుండ కింద కుదురు లెక్క పెట్టింది. దాని మీద చిన్న కుండ నిలుస్తది. పెద్ద కుండ పెడితే ఒరుగుతది.